మంత్రిగారి జీపు, రామాయమ్మ జొన్నచేను

పల్నాటి మెట్టలో ఇకమీదట డీజిలు పండుతుందని మంత్రిగారు మాచర్ల సభలో ప్రకటించారు. అరబ్బు దేశాలు మనకి సలాం కొట్టే రోజు ఎంతో దూరం లేదన్నారు. నేను చప్పట్లు కొట్టాను. ఎండలో షామియానా వేయించిన మనిషికి ఆ మాత్రం చెయ్యాలి.

పండాల్సిన పంట అడవి ఆముదం. దాని గింజల నూనెతో జీపు నడుస్తుందట. వ్యవసాయ శాఖ పుల్లారావుగారు, బీయస్సీ అగ్రికల్చర్, స్కీము పట్టుకుని మా ఊరొచ్చారు. రోడ్డు పక్కనుందన్న ఏకైక అర్హత మీద రామాయమ్మ రెండెకరాలను డెమాన్‌స్ట్రేషన్ ప్లాటుగా ఎంపిక చేశారు. చేలో జొన్న కంకి మీదుంది.

"పదో తారీకున మంత్రిగారొస్తారు. ఈలోగా ఇది దున్నించెయ్యాలమ్మా."

"దున్నితే నేనేం తినాల? నా ఎడ్లేం తినాల?"

"కాస్త దేశం గురించి కూడా ఆలోచించు."

"దేశం నా ఎడ్లకి చొప్పేస్తదా బాబూ?"

ఈ ప్రశ్నకు ప్రొఫార్మాలో కాలమ్ లేదు. ఆ శాఖ జీపుకి ఆస్థాన మెకానిక్కయిన సుభానీ కల్పించుకున్నాడు.

"సార్, చేను చుట్టూ కంచె చూడండి. అడవి ఆముదమే. మనిషెత్తు పెరిగింది. రోడ్డు మీంచి చూస్తే లోపలేముందో ఎవరికి తెలుస్తది?"

పుల్లారావుగారు కంచె చుట్టూ ఒకసారి నడిచొచ్చి, రెండెకరాలూ అడవి ఆముదమేనని రాసుకున్నారు.

"పదకొండున మాత్రం ట్రాక్టరొస్తుంది" అన్నారు. ఆయన నిజాయితీపరుడు.

పదో తారీకున మంత్రిగారు రోడ్డు మీదే నిలబడి కంచెను తనివితీరా చూశారు.

"ఎకరాకి దిగుబడెంత?"

"అంచనాలకి అందదు సార్."

శాఖ తెప్పించిన గింజల నూనెను మంత్రిగారి జీపులో పోస్తుంటే సుభానీ వేలితో తాకి చూశాడు.

"చిక్కటి పులుసులాగుంది సార్."

"అది ప్యూరిటీ" అన్నారు పుల్లారావుగారు.

మంత్రిగారు స్వయంగా స్టీరింగు పట్టారు. జీపు రెండు ఫర్లాంగులు వెళ్లి, దగ్గి, ఆగిపోయింది. మాచర్లలో పేపరువాళ్లు కాచుకుని ఉన్నారు. రామాయమ్మ ఎడ్లను తెచ్చి జీపుకి కట్టారు. అది మేత వేళ. ఎడ్లు కదల్లేదు. పుల్లారావుగారు చురుగ్గా కంచెలోంచి నాలుగు రెమ్మలు విరిచి వాటి ముందు పెట్టారు. ఎడ్లు మొహం తిప్పుకున్నాయి.

"గొడ్డు ముట్టదనే గదా బాబూ దాన్ని కంచేసుకుంది" అంది రామాయమ్మ.

ఆమే చేలోకెళ్లి రెండు మోపులు జొన్న కోసుకొచ్చి వేసింది. ఎడ్లు తిన్నాయి. పొద్దుగూకే వేళకి జీపును మాచర్ల పొలిమేరకు చేర్చాయి. దారి పొడుగునా మంత్రిగారు స్టీరింగు వదల్లేదు. అక్కణ్ణుంచి కార్యకర్తలు తోశారు.

మర్నాడు పేపర్లో పడింది: 'రామాయమ్మ చేలో పండిన ఇంధనంతో మాచర్ల చేరిన మంత్రి'. నేను రెండుసార్లు చదివాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పదకొండున ట్రాక్టరొచ్చింది. రామాయమ్మ అడ్డం పడలేదు.

"దున్నించు బాబూ. ఈసారి జీపాగితే ఎడ్లకి ఏం పెడతావో కూడా చెప్పి దున్నించు."

పుల్లారావుగారు చాలాసేపు ఆలోచించి ట్రాక్టరును వెనక్కి తిప్పించారు. అది తిన్నగా పక్క చేలోకి వెళ్లింది. స్కీము మండలమంతా విస్తరించింది మరి.

ఇప్పుడు రామాయమ్మ చేను గట్టున బోర్డుంది: 'ఇంధన క్షేత్రం. పశువులను మేపరాదు.' మంత్రిగారు టూరుకొస్తే పుల్లారావుగారు ముందురోజే వచ్చి రెండు మోపులు కోయించుకుని, జీపు వెనక స్టెప్నీ పక్కన కట్టించుకుంటారు.