కారు కింద ప్రేమానందం

అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఆ శనివారం ప్రేమానందం వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా కారు కడగాలి. పదింటికి పూలు కట్టాలి. పదకొండింటికి పాస్టర్ జూడ్‌గారి ఇంటి ముందు నిలబెట్టాలి. పాస్టర్‌గారి అమ్మాయి జోసఫిన్ పెళ్ళి ఆ రోజే. పెళ్ళికూతురు చర్చికి రావడానికి తెలుగు సంఘంలో ఎవరి కారు బాగుంటుందా అని వెతికి వెతికి, ప్రేమానందం నెల కిందట కొన్న తెల్ల ఎస్‌యూవీని ఖాయం చేశారు. అప్పటి నుంచి అతను ఆ కారుని కొత్తల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

భార్య జెమీమా పెళ్ళికూతుర్ని ముస్తాబు చేయడానికి పొద్దున్నే వెళ్ళిపోయింది. గుమ్మం దాటుతూ, "ఏమండీ, ఊళ్ళో అందరికీ మన కారేనని చెప్పేశాను. దాని మీద గీత పడిందా, మీరు పెళ్ళికి రానక్కర్లేదు" అని చెప్పి మరీ వెళ్ళింది.

కడగడం పూర్తయ్యాక చూస్తే వెనక ఎడమ టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. మధ్యలో ఒక స్క్రూ తళతళా మెరుస్తోంది. రోడ్‌సైడ్ సర్వీసుకి ఫోన్ చేస్తే మనిషి రావడానికి మూడు గంటలు పడుతుందన్నారు.

మెట్ల మీద కూర్చున్న మామగారు కోటయ్య కాఫీ కప్పు పక్కన పెట్టాడు. ఆయన బాపట్ల బస్ డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. కూతురింటికి వచ్చిన ఈ నాలుగు నెలల్లో ఆయన చేతికి చిక్కిన యంత్రం మిక్సీ ఒక్కటే.

"స్టెప్నీ ఉందిగా బాబూ. పావుగంట పని."

"మీరు కూర్చోండి మావయ్యగారూ. నేను యూట్యూబ్‌లో చూశాను."

"చూస్తే మంచిదే. జాకీ మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి. డోరు కింద రేకు అంచుకి రెండు గాట్లుంటాయి. ఆ రెంటి మధ్యే ఆనాలి. పక్కకి పోయిందా, సొట్ట."

"ఇదేమన్నా బస్సా మావయ్యగారూ?"

"బస్సు కాదనే చెప్తున్నా. బస్సుకి సొట్ట పడితే అడిగేవాడు లేడు."

ప్రేమానందం వినలేదు. చదునుగా కనిపించిన చోట జాకీ ఆనించి నాలుగు తిప్పులు తిప్పాడు. ఐదో తిప్పుకి కింద 'ఫట్'మంది.

"దింపండి, దింపండి!" అని కోటయ్య లేచి వచ్చాడు.

ప్రేమానందం దింపి, జాకీ లాగేశాడు. మొహం కారు కన్నా తెల్లగా అయిపోయింది. పగిలిందేమిటో పైనుంచి కనబడటం లేదు. ఫోన్ టార్చ్ వెలిగించి, నేల మీద వెల్లకిలా పడుకుని, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని కారు కిందకి దూరాడు. సగం దూరాక ఊపిరి వదిలాడు. పొట్ట దాని అసలు కొలతకి వచ్చేసింది. ఇక అక్కణ్ణుంచి ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

"మావయ్యగారూ, ఇరుక్కుపోయాను!"

"కాళ్ళు పట్టుకుని లాగనా?"

లాగాడు. చెప్పులు ఊడొచ్చాయి.

"జాకీతో కొంచెం లేపండి."

"కింద మనిషుండగా ఉత్త జాకీ మీద బండి లేపకూడదు బాబూ. జాకీ జారితే? చెక్క దిమ్మలుండాలి. కదలకండి, పట్టుకొస్తా" అంటూ కోటయ్య వీధిలోకి నడిచాడు. కదలకండి అన్నది అనవసరమైన మాట.

అదే సమయానికి ఫోన్ మోగింది. జెమీమా.

"కారు రెడీనా?"

"రెడీ."

"గొంతేంటి, నూతిలోంచి వస్తున్నట్టుంది?"

"కారు దగ్గరున్నాలే. సిగ్నల్ సరిగా లేదు" అని ప్రేమానందం పెట్టేశాడు.

వీధి చివర వాకింగ్ చేస్తున్న నళిని కోటయ్యకి ఎదురైంది. ఆమెదీ అదే సంఘం. సంఘం వాట్సాప్ గ్రూపుని నడిపేది ఆమే.

"అమ్మా, ఇక్కడ చెక్క ఎక్కడ దొరుకుద్ది?"

"చెక్క ఎందుకు అంకుల్?"

"మా అల్లుడు కారు కింద పడున్నాడు."

నళిని గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో దేవా! ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటాడు, కదలట్లేదు. మంచి గట్టి చెక్క కావాలమ్మా. పొడుగు అక్కర్లేదు, వెడల్పుండాలి. మనిషి కాస్త లావు గదా."

"ఇంత నిబ్బరంగా ఎలా చెప్తున్నారంకుల్?"

"ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటివి ఎన్ని చూశానమ్మా!"

నళిని కళ్ళు తుడుచుకుంటూనే గ్రూపులో పెట్టింది: 'ప్రేమానందం బ్రదర్ కారు కింద పడ్డారు. కదలిక లేదు. కోటయ్య అంకుల్ శవపెట్టెకి చెక్క కోసం తిరుగుతున్నారు. ప్రేయర్ చేయండి.' రెండు నిమిషాల్లో నలభై మంది చేతులు జోడించారు. ఒకరు తెల్ల పావురం బొమ్మ పెట్టారు. ఇంకొకరు, పెళ్ళి భోజనాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి విడిగా వంట చెప్పొద్దని సలహా ఇచ్చారు. ఎవరో బుద్ధిమంతుడు మాత్రం 911కి ఫోన్ చేశాడు.

ప్రేమానందం ఫోన్ మళ్ళీ మోగింది.

"ఏమండీ," అంది జెమీమా, "కారు దగ్గరున్నారా, కారు కిందున్నారా?"

"కిందే. కానీ బాగానే ఉన్నా."

"బతికే ఉన్నారా?" అని ఒక్కసారి ఏడ్చి, వెంటనే, "అయితే అక్కడేం చేస్తున్నారు?" అని అరిచింది.

పది నిమిషాల్లో వీధి నిండిపోయింది. నలుగురితో ఫైరింజన్ వచ్చింది. వ్యాన్‌లో పాస్టర్‌గారు, పాస్టరమ్మగారు, జెమీమా, ఒక కంటికే కాటుక పెట్టిన పెళ్ళికూతురు దిగారు. ఆరడుగుల ఫైర్ కెప్టెన్ ఒకామె కారు చుట్టూ తిరిగి, గాలి ఊదితే ఉబ్బి బండిని లేపే సంచి ఒకటి తెప్పించి డోరు కింద పెట్టబోయింది.

"నో! నాట్ దేర్!" కింద నుంచి కేక వినిపించింది. "బిట్వీన్ ద నాచెస్! ఆ రెండు గాట్ల మధ్య! ప్లీజ్ మేడమ్, బాడీ జాగ్రత్త! పెళ్ళికూతురి కారు!"

"ఈయన తలకేమైనా దెబ్బ తగిలిందా?" అని కెప్టెన్ ఇంగ్లీషులో అడిగింది.

"లేదు, మొదట్నుంచీ అంతే" అంది జెమీమా, అదే భాషలో.

అప్పుడు, చెక్క దొరక్క తిరిగొచ్చిన కోటయ్య చెయ్యెత్తి "స్టాప్" అన్నాడు. డిపో గేటు దగ్గర బస్సుల్ని ఆపిన చెయ్యి అది. అందరూ ఆగారు. హ్యాండ్ బ్రేకు చూసుకున్నాడు. ముందు చక్రాలకి అడ్డు పెట్టించాడు. ఫైరింజన్‌లోని చెక్క దిమ్మలు చూసి, "అమ్మయ్య, ఇవీ చెక్కలంటే" అని మురిసిపోయాడు. మోకాళ్ళ మీద కూర్చుని, డోరు కింద వేలితో తడిమి, రెండు గాట్ల మధ్య రబ్బరు ముక్క పెట్టి జాకీ ఆనించాడు. ఒక్కో తిప్పుకీ కారు అంగుళం లేస్తుంటే, కెప్టెన్ పక్కనే కూర్చుని ఒక్కో దిమ్మ కిందకి తోసింది. జానెడు లేవగానే ఇద్దరు కాళ్ళు పట్టుకుని లాగారు. ప్రేమానందం బయటపడ్డాడు.

అతను లేస్తూనే చూసింది భార్యని కాదు, డోరు కింద రేకుని. గీత కూడా లేదు.

"మరి ఫట్‌మన్నదేంటి మావయ్యగారూ?"

కోటయ్య జాకీ అడుగున అతుక్కున్న నీలం ముక్క పీకి చూపించాడు. కారు షాంపూ సీసా మూత.

జనం చప్పట్లు కొట్టారు. పావురం బొమ్మ పెట్టినాయన దాన్ని తీసేశాడు. కారు ఎలాగూ పైకి లేచి ఉంది కదా అని కోటయ్య ఆరు నిమిషాల్లో స్టెప్నీ బిగించేశాడు. కెప్టెన్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదిలింది. నాన్న మొహంలో నవ్వు చూసి జెమీమా కూడా మొగుణ్ణి క్షమించేసింది. ప్రేమానందం మాత్రం తడిగుడ్డతో కారుని మరోసారి తుడిచాడు. అద్దంలా ఉంది.

అంతలో పాస్టర్‌గారు గడియారం చూసుకున్నారు.

"దేవునికి స్తోత్రం! ఆలస్యమైపోయింది, అందరూ ఎక్కండి!" అంటూ వ్యాన్ ఎక్కి, పెళ్ళికూతురి రెండో కంటికి కాటుక పెట్టించాలన్న తొందరలో వెనక్కి చూడకుండా రివర్స్ గేరు వేశారు.

ఈసారి చప్పుడు 'ఫట్'మని కాదు, 'ధడేల్'మని వచ్చింది. తెల్ల కారు ముందు డోరు తప్పాళాలా లోపలికి పోయింది. పాస్టర్‌గారు దిగి రెండు చేతులూ జోడించారు, దేవుడికో ప్రేమానందానికో తెలియలేదు.

కోటయ్య నిదానంగా వంగి, సొట్ట చుట్టూ వేలు తిప్పి చూశాడు.

"ఇది మాత్రం జాకీ వల్ల కాదు బాబూ" అన్నాడు.