వీధి మొహమాటం

ఆ వీధికి ఒక ముఖం ఉందని ప్రభుత్వం కనిపెట్టింది. అక్కడ కాపురమున్నవాళ్లకు అంతవరకు ఈ సంగతి తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా వీధికి ఒక మొదలు, ఒక చివర, మధ్యలో ఒక గుంట ఉన్నాయని.

సభ ఆ గుంట పక్కనే జరిగింది. పాతకాలపు ఇళ్లు చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నందుకు వీధిని చారిత్రక రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చెక్కుచెదరకపోవడానికి కారణం, బాగు చేయించుకునే స్తోమత ఎవరికీ లేకపోవడం. సభలో ఆ మాట అనలేదు. వారసత్వం మీద మమకారం అన్నారు. వీధి ముఖ సంరక్షణ మండలి అని ఒకదాన్ని వేశారు. ముఖాన్ని కాపాడేవాడు కనుక దాని పెద్దకు ముఖ్యాధికారి అని పేరు పెట్టారు.

"మనిషికి ముఖమెంతో వీధికి ముఖమంత!" అన్నాడు ముఖ్యాధికారి. "ముఖం అంటే ఏమిటి? వీధిలో నిలబడ్డవాడికి కనబడేది. కనబడేదాంట్లో వెంట్రుకవాసి మార్పును కూడా మండలి సహించదు. కనబడనిదాని జోలికి మండలి రాదు. అది మీ సొంత విషయం."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు కొట్టినవాడు కళ్లజోళ్లాయన. ఆయనకు ముందు వరసలో కుర్చీ వేశారు. కుర్చీ వేశాక కొట్టకపోతే ఏం బాగుంటుందని కొట్టాడు. ఆయన బతుకులో చేసిన పనుల్లో చాలావరకు చేయకపోతే ఏం బాగుంటుందని చేసినవే.

ఆయనకు కింద కళ్లజోళ్ల దుకాణం, పైన కాపురం. పై తలుపు తీస్తే రాతిమెట్లు నేరుగా వీధిలోకి దిగుతాయి. మెట్లకు ఒకపక్క నున్నటి గోడ, రెండోపక్క గాలి. ఒక వానరోజు ఆయన భార్య రెండోపక్క నుంచి దిగింది. కాలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. రోజూ కిందికి దిగి నడవకపోతే ఆ కాలు కట్టెబారిపోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరని డాక్టరు చెప్పాడు. ఆయన ఒకసారి గోడ వైపు ఆమెను ఉంచి, తాను బయటి అంచున నడుస్తూ దించబోయాడు. రెండు మెట్లు దిగేసరికి తలతిరిగి ఆయనే ఆమెను పట్టుకున్నాడు.

"ముందు మిమ్మల్ని దించడానికి ఒక మనిషిని చూడండి. తర్వాత నా సంగతి చూద్దాం" అందామె.

కావలసింది మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక ఇనప రెయిలింగు. వెల్డింగు అతను టేపు పట్టుకుని కొలతలు తీస్తుండగానే మండలి మనుషులు వచ్చి టేపు చుట్టించారు. టేపు పసుపు రంగులో ఉంది. అది కూడా వీధి ముఖానికి నప్పదన్నారు.

కళ్లజోళ్లాయన మండలి ఆఫీసుకు వెళ్లాడు.

"మీ ఆవిడ కాలు వీధికి కనబడుతుందా?" అని అడిగాడు ముఖ్యాధికారి.

"లేదండీ. పైన గదిలోనే ఉంటుంది."

"రెయిలింగు?"

"మెట్లకే కదండీ. కనబడుతుంది."

"చూశారా, మీరే ఒప్పుకున్నారు. కాలు మా పరిధిలోకి రాదు, రెయిలింగు వస్తుంది. పరిధిలోకి రాని కాలు కోసం పరిధిలో ఉన్న మెట్లను పాడుచేయమంటే ఎలాగండీ?"

కళ్లజోళ్లాయనకు అది సబబుగానే తోచింది. పైగా కాఫీ ఇచ్చారు. కాఫీ తాగిన చోట కాదనడం ఆయనకు చేతకాదు. నమస్కారం పెట్టి వచ్చేశాడు.

"ఏమన్నారు?" అని అడిగింది భార్య.

"కాఫీ ఇచ్చారు."

"దాన్ని పట్టుకుని దిగనా?"

చట్టాన్ని అందరికంటే బాగా అర్థం చేసుకున్నవాడు మందుల షాపాయన. వీధికి కనబడే గోడ ఒక్కటీ ఉంచి, వెనకున్న ఇల్లంతా పడగొట్టి వ్యాన్లు పెట్టుకోవడానికి షెడ్డు వేశాడు. ఇప్పుడు ఆ ఇంటి తలుపు తీస్తే ఆకాశం కనిపిస్తుంది. కిటికీలకు తెరలు మాత్రం ఊగుతూ ఉంటాయి. మండలి ఆయనకు ఉత్తమ ముఖం పతకం ఇచ్చింది. "లోపల ఏమీ లేకపోయినా ముఖాన్ని ఇంత కళగా పెట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు" అని ముఖ్యాధికారి గద్గదంగా అంటూ రుమాలుతో తన ముఖం తుడుచుకున్నాడు.

ఇంతలో ఏదో పాత బీరువాలో ఆ వీధి ఫోటో ఒకటి దొరికింది. దాంతో మండలికి కళ్లొచ్చాయి. ఇకనుంచి వీధి ఎలా ఉండాలో ఎవరినీ అడగక్కర్లేదు, ఫోటోలో ఎలా ఉంటే అలా ఉండాలి. ఫోటో నలుపు తెలుపుల్లో ఉంది. కనుక ఇళ్లన్నింటికీ బూడిదరంగు వేశారు. రంగులనేవి ఈమధ్య వచ్చిన వెర్రి అని నిపుణులు తేల్చారు. ఎర్రపూలు పూసే కుండీలకు తాఖీదులు వెళ్లాయి. మొక్కలు లెక్కచేయకపోవడంతో పీకేశారు. కూరగాయలమ్మ వెల్లుల్లి, ముల్లంగి బయట పరుచుకోవచ్చు. టమాటాలను మాత్రం సంచిలోంచి తీయకుండా అమ్మాలి. జనం సంచిలో చేయి పెట్టి తడిమి, గుసగుసగా బేరమాడేవాళ్లు. దొంగబంగారం కొంటున్నట్టుందని ఒకళ్లిద్దరు సరదాపడ్డారు కూడా.

ఫోటోలో క్యాన్లు మోసుకెళ్తున్న పాలవాడు ఒకడున్నాడు. ఫోటో తీసేటప్పుడు కదిలాడేమో, మసకమసకగా పడ్డాడు. కనుక ఇప్పటి పాలవాడు కూడా మసకగా నడవాలని ఆదేశం వచ్చింది. పాపం అతను నాలుగురోజులు ఒళ్లంతా అటూ ఇటూ ఊపుకుంటూ నడవడం నేర్చుకున్నాడు. సగం పాలు తొణికేవి గానీ మసక బాగా కుదిరిందని పరిశీలకులు మెచ్చుకున్నారు.

అన్నింటికంటే పెద్ద చర్చ ఫోటో మూలన ఉన్న నల్లటి ఆకారం మీద జరిగింది. అది వీధి చివర నిలువుగా, లావుగా, కొస గుండ్రంగా ఉంది. నిపుణులు దాన్ని కాలగర్భంలో కలిసిపోయిన గోపురమన్నారు. ఫోటో తీసినవాడి బొటనవేలు అడ్డం పడిందని చూసిన ప్రతివాడికీ తెలుసు. దుకాణదారులకు తెలుసు, మండలి సభ్యులకు తెలుసు, నిపుణులకు ఇంకా బాగా తెలుసు. కానీ మొదట ఎవరో గోపురమన్నాక, కాదంటే వాళ్ల ముఖం ఏం కావాలి? అందరూ గోపురమే అన్నారు. వీధి చివరి రెండిళ్లు ఖాళీ చేయించి అక్కడ గోపురం కట్టారు. పైన గోరు కూడా వచ్చింది. దాన్ని గవాక్షం అన్నారు.

ఆ తర్వాత ఎవరో భూతద్దం పెట్టి చూసి, ఫోటోలో కళ్లజోళ్లాయన ఇంటి పైకిటికీలో ఒక ఆడమనిషి ముఖం ఉందని కనిపెట్టారు. మరునాడే ముఖ్యాధికారి మెట్లెక్కి వచ్చాడు. గోడ పట్టుకోబోయి, పట్టు దొరక్క, చివరి మెట్లు పాక్కుంటూ ఎక్కాడు.

"అమ్మా, మీరు అదృష్టవంతులు. ఇక మీరు ఈ కిటికీలోనే కూర్చోవాలి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా. మీ ముఖం ఇప్పుడు జాతి సంపద" అన్నాడు.

"నా కాలో నాయనా?"

"కిటికీలో కాలు కనబడదు కదమ్మా."

"అయితే నేను కిందికి దిగి నడిచేదెప్పుడు?"

"మీరు దిగితే కిటికీ ఖాళీ అయిపోదూ?" అన్నాడతను, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఆమె మొగుడి ముఖం చూసింది. ఆయన ముఖ్యాధికారికి కాఫీ తేవడానికి లోపలికి వెళ్లాడు.

ఆ రాత్రి ఆమె మాట్లాడలేదు. మాటకు మాట అప్పజెప్పే మనిషి మాట్లాడకపోతే ఇల్లు బావిలా ఉంటుందని ఆయనకు మొదటిసారి తెలిసింది. తెల్లారి లేవబోతూ ఆమె కాలు నేలమీద ఆనించి, మంచంకోడు పట్టుకుని అలాగే ఉండిపోయింది. కాలు వంగలేదు. ఆయన చూసి భయపడ్డాడు. భయపడి మళ్లీ ఆఫీసుకు వెళ్లి, ఈసారి కాఫీ వద్దన్నాడు. అక్కడివాళ్లకు పరిస్థితి తీవ్రత అర్థమైంది.

మండలి అత్యవసరంగా సమావేశమై దయతో ఒక మార్గం చూపింది. వీధికి కనబడని రెయిలింగు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదంది. మూడు సంతకాలతో అనుమతి వచ్చింది. తర్వాత పరిశీలకులు వచ్చి మెట్ల వైపు చూశారు. అక్కడ వాళ్లకు ఏమీ కనబడలేదు. రెయిలింగు నిబంధనల ప్రకారమే ఉందని సంతృప్తి వ్యక్తం చేశారు.

"ఏదీ, ఒకసారి పట్టుకుని దిగి చూపించండి బాబూ" అంది ఆమె పైనుంచి.

వాళ్లకు వేరే పరిశీలన ఉందట. వెళ్లిపోయారు.

గోపురం ప్రారంభించడానికి మంత్రిగారు వచ్చారు. బొటనవేలి నీడలో వేదిక వేశారు. పాలవాడు మసకగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. పాత ఫోటో తీసిన చోటునుంచే కొత్త ఫోటో తీయాలని, ఆ కొత్త ఫోటోయే ఇకమీదట వీధికి ప్రమాణమని ముందే ఉత్తర్వు వేశారు. ప్రమాణంలో పడాలని మండలి సభ్యులందరికీ ఉంటుంది కదా. వీధిలో ఎత్తయిన చోటు కళ్లజోళ్లాయన మెట్లే. సభ్యులు మెట్టుకొకరు చొప్పున బయటి అంచున వరసగా నిలబడ్డారు. పై మెట్టు ముఖ్యాధికారిది. అడుగున మెట్టు మాత్రం ఖాళీగా వదిలేశారు. అక్కడ నిలబడితే కింది ఉద్యోగి అనుకుంటారని ఎవరూ ఒప్పుకోలేదు. కళ్లజోళ్లాయనను కింద వీధిలో చేతులు కట్టుకుని నిలబడమన్నారు. నిలబడ్డాడు.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు ఫోటోగ్రాఫరు. "ఇది పాత కెమెరా, చాలాసేపు పడుతుంది. కదిలినవాళ్లు చరిత్రలో మసకబారిపోతారు!"

సభ్యులు ఊపిరి బిగబట్టారు. మంత్రిగారు మైకులో అందుకున్నారు: "పేదసాదలకు చేయూతనివ్వడమే మా ధ్యేయం!"

పై తలుపు తెరుచుకుంది.

"కాస్త అలాగే ఉండండి నాయనా, జరక్కండి" అంటూ కళ్లజోళ్లాయన భార్య గడప దాటింది. ముఖ్యాధికారి తలమీద చేయి వేసి మొదటి మెట్టు దిగింది. అతనిది బట్టతల. చేయి జారింది గానీ చెవి దొరికింది. చెవి గట్టిది, ఆగింది. రెండో సభ్యుడికి జుట్టుంది, గుప్పెట నిండా వచ్చింది. మూడో ఆయన ముక్కు పట్టుకుంది. నాలుగో ఆయన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు, ఫోటో కోసం. ఆయన చొక్కా కాలరు పట్టుకుని ఒక క్షణం ఆగి ఆయాసం తీర్చుకుంది. ఒక్కరూ కదల్లేదు. కదిలితే మసక. ముఖ్యాధికారి కళ్లలోంచి నీళ్లు కారుతున్నా చిరునవ్వు చెదరలేదు. "ఇదీ చేయూత అంటే!" అన్నారు మంత్రిగారు ఇటు చూడకుండానే. జనం చప్పట్లు కొట్టారు.

అడుగున మెట్టు దగ్గర ఆమె చేయి గాలిలో ఆగింది. అక్కడ పట్టుకోవడానికి తల లేదు.

కళ్లజోళ్లాయన చేతులు కట్టుకుని ఉన్నాడు. మంత్రిగారు మాట్లాడుతున్నారు. ఫోటో పడుతోంది. ఇప్పుడు కదిలితే ఏం బాగుంటుంది? ఆ ఆలోచన ఆయనకు రానే వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పడమెందుకు? ఆమె ఆయన ముఖం వైపు చూడలేదు. చేయి వైపు చూసింది.

ఆయన చేతులు విప్పాడు. ఒక్క అంగలో మెట్టు దగ్గరికి వెళ్లి ఆ చేయి అందుకున్నాడు. ఆమె వీధిలో కాలు పెట్టింది.

"తల తిరగడం లేదు కదా?" అని అడిగింది.

"నీకా, నాకా?"

"మీకేనండీ. నాకేం, నేను పెద్దవాళ్ల అండతో దిగాను."

ఇద్దరూ బొటనవేలిదాకా నడిచి వెనక్కి వచ్చారు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. సభ్యులు రాళ్లలా స్పష్టంగా ఉన్నారు. పాలవాడు కాక మసకబారింది కళ్లజోళ్లాయన ఒక్కడే. ఆయన భార్య లేచి రాకముందు కిటికీలో పడింది గానీ, కదులుతూ దిగడం వల్ల మెట్లమీద పడలేదు. ఫోటో ప్రమాణమైంది కనుక మెట్టుకొక మనిషి నిలబడి ఉండటం ఇప్పుడు వీధి ముఖంలో భాగం. దాన్ని మార్చడానికి చట్టం ఒప్పుకోదు. ఇనప గొట్టం పెట్టడానికీ ఒప్పుకోదు. కిటికీలో కూర్చోవడానికి ముఖ్యాధికారి తన అత్తగారిని పంపి త్యాగం చేశాడు. ఆయన ఇంట్లో ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉందని అంటారు. కళ్లజోళ్లాయన భార్య మాత్రం పొద్దునా సాయంత్రం తలలు పట్టుకుని దిగుతోంది, తలలు పట్టుకుని ఎక్కుతోంది. కాలు వంగుతోంది.

కొన్నాళ్లకు సభ్యులకు మెడలు పట్టేశాయి. తమ బదులు నిలబడటానికి మనుషులు కావాలని మండలి ప్రకటన ఇచ్చింది. జీతం, సెలవులు, పింఛను ఉన్నాయి. ఒక ఇనప గొట్టం చేసే పనికి ఇంతమందా అని మీరు నవ్వుకుంటున్నారు. నవ్వండి. ప్రకటన పడ్డ మరునాడు ఆఫీసు ముందు వరస గోపురం దాటిపోయింది. అందరూ చదువుకున్నవాళ్లే. మీవాడు కూడా అందులో ఉన్నాడు, మీరు రాసిన సిఫారసుతో. ఇంటర్వ్యూలో అడిగేది ఒకటే ప్రశ్న: ఎవరైనా నీ చెవి పట్టుకుంటే ఏం చేస్తావు? నవ్వుతూ నిలబడతానండీ అని చెప్పాలి. మీవాడికి ఇది కొత్తగా నేర్పనక్కర్లేదని, చిన్నప్పటినుంచి ఇంట్లో తండ్రిని చూసి పెరిగాడని మీరే రాశారట.