కొరుకుకు నాలుగు కిలోమీటర్లు

"దేశానికంతటికీ ఇనుము పెట్టే ఈ నేల, తన బిడ్డల నోటికి ఒక్క మంచి బర్గర్ పెట్టలేదా?" అని మంత్రిగారు బస్తర్‌లోని గీదం మైదానంలో మైకు పట్టుకుని అడిగారు. అడిగి, కళ్లు తుడుచుకున్నారు. వేదిక మీదున్న ఇరవై ముగ్గురూ తుడుచుకున్నారు. రుమాలు లేనివాళ్లు కప్పించుకున్న శాలువాలతో తుడుచుకున్నారు.

వంద రోజుల్లో జిల్లాలో అంతర్జాతీయ స్థాయి బర్గర్ దొరికి తీరుతుందని, ఖనిజ సౌభాగ్య నిధి కింద గీదం చౌరస్తాలో దానికి పక్కా దుకాణం కట్టిస్తామని, ఆ దుకాణం ఉత్తమ బర్గర్ చేసే స్థానికులకే ఇస్తామని అక్కడికక్కడే ప్రకటించారు.

ఇంత గొప్ప ఆలోచన ఎలా పుట్టిందో పాఠకులకు చెప్పడం నా ధర్మం. అంతకు ముందు నెల మా గనులు చూడటానికి విదేశాల నుంచి ఉక్కు వ్యాపారులు వచ్చారు. కొండ చూశారు, కొండ తరిగిన చోటు చూశారు, సంతోషించారు. మధ్యాహ్నం గెస్ట్ హౌస్‌లో వాళ్లలో ఒకాయన బర్గర్ అడిగాడు. వంటవాడు రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఆలూ బోండా పెట్టి, పైన టూత్‌పిక్ గుచ్చి ఇచ్చాడు. ఆయన టూత్‌పిక్ మాత్రం వాడుకున్నాడు. ఆ అవమానం నుంచి జిల్లాను పైకి లేపడానికే మంత్రిగారు వచ్చారు.

"ఈ సభలో అసలు బర్గర్ తిన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ఆయన అడిగితే ఒక చెయ్యి లేచింది. చూస్తే నాదే.

నా పేరు జయరావు. కిరండూల్లో గంబూట్లు, తాళ్లు, తార్పాలిన్లు అమ్ముతాను. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి రైల్వే గ్యాంగు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తూకం వెయ్యనిదే నేను దేన్నీ నమ్మను. బర్గర్‌ను కూడా తూచాను. ఎలాగంటే, ఎన్ని కిలోమీటర్లు తిరిగాను, ఎన్ని కొరుకులు తిన్నాను, భాగించడమే. విశాఖపట్నం రైల్లో పోనూ రానూ తొమ్మిది వందల కిలోమీటర్లు. బర్గర్‌కు పన్నెండు కొరుకులు. అంటే కొరుకుకు డెబ్బై అయిదు కిలోమీటర్లు. ఆ బర్గర్ కోసం నేను ఆరుసార్లు వెళ్లాను.

"పెళ్లిచూపులకి ఒక్కపాలి వచ్చినారు. రొట్టిముక్కకి ఆరుపాల్లా?" అంది నా భార్య నూకాలమ్మ. లెక్క మాత్రం సరైనదే.

ఆ తరవాత నాకు గంగే అనే ఆమె దొరికింది. గీదం చౌరస్తాలో నాలుగు చక్రాల బర్గర్ బండి ఆమెది. సొంతూరు పక్క జిల్లా బీజాపూర్‌లోని తర్రెం దగ్గర. గెస్ట్ హౌస్‌లో ఆరేళ్లు గిన్నెలు తోముతూ, వంటవాడు చెయ్యకూడనివన్నీ చేస్తుంటే చూసి, చెయ్యవలసినవి నేర్చుకుంది. ఉలవలు, బంగాళాదుంప కలిపి తట్టిన టిక్కీ. దాని మీద చింతపండు, కొండమిరప నూరిన చట్నీ. బన్ను లోపలి వైపు మాత్రమే పెనం మీద కాలుస్తుంది. మా ఊరి నుంచి పోనూ రానూ నూట నాలుగు కిలోమీటర్లు. నేను రెండు తింటాను, ఒక్కోటి పదమూడు కొరుకులు. కొరుకుకు నాలుగు కిలోమీటర్లు. అంతకంటే చవకైన సుఖం నేను చూడలేదు.

గంగేకు ఒక్కటే చిక్కు. పెద్దమనిషి ఎవరొచ్చినా చౌరస్తా సుందరీకరణ విభాగం వాళ్లు ముందు రోజు వచ్చి ఆమె బండిని తోసేస్తారు. పెద్దమనిషి వెళ్లాక ఆమె మళ్లీ తెచ్చుకుంటుంది. ఒకసారి చక్రం విరిగింది, ఒకసారి నూనె డబ్బా పోయింది. మంత్రిగారి ప్రకటన నేనే ఆమెకు చెప్పాను.

"గోడలున్న కొట్టును ఎవడు నూకుతడు సేటూ? అదొక్కటి ఇప్పియ్యి, చాలు" అంది.

"నేనే సమితిలో ఉన్నాను. ఇక అది నీదే అనుకో" అన్నాను.

నిజంగానే నన్ను ఉత్తమ బర్గర్ అన్వేషణ సమితిలో నిపుణుడిగా వేశారు. కార్యదర్శి, ఆహార ఆకాంక్షల శాఖ అధికారి సీతారాములు గారు. మహా నిష్ఠాపరుడు. బర్గర్ అనే మాట వచ్చినప్పుడల్లా కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. మొదటి మీటింగులోనే గంగే పేరు చెబుదామని నోరు తెరిచాను.

"ముందు బెంచ్‌మార్క్ ఉండాలి జయరావు గారూ" అన్నారాయన. "మంచి బర్గర్ అంటే ఏమిటో తెలియకుండా మంచి బర్గర్‌ని ఎలా గుర్తుపడతాం? రాయపూర్, విశాఖపట్నం, గోవా. ఎక్స్‌పోజర్ టూర్."

నేను లోలోపల లెక్క వేశాను. పేరు ఇప్పుడు చెబితే గంగేకు కొట్టు వస్తుంది, సమితి ఇవాళే ముగుస్తుంది. తిరిగొచ్చి చెప్పినా గంగేకు కొట్టు వస్తుంది, మధ్యలో గోవా కూడా వస్తుంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

జగదల్‌పూర్‌లో మూడు తిన్నాం. రాయపూర్‌లో తొమ్మిది. విశాఖలో నా పాత బర్గర్‌ను సమితికి పరిచయం చేశాను. సీతారాములు గారు దాన్ని విప్పి, అరలు లెక్కపెట్టి రాసుకున్నారు. గోవాలో ఒక బర్గర్ నిలబెడితే నా మోచేతి దాకా వచ్చింది.

"ఇది ఎలా తినాలండీ?" అన్నాను.

"తినడం మన మాండేట్ కాదు, పరిశీలన" అన్నారు. పరిశీలించాక ప్లేటులో టూత్‌పిక్ మిగిలింది.

తొంభై ఒక్క రోజులు గడిచాయి. ఆరువేల కిలోమీటర్లు, నలభై మూడు బర్గర్లు, నా నడుముకు రెండంగుళాలు. ఆ మధ్యలోనే చౌరస్తాలో దుకాణం కట్టడం పూర్తయింది. గంగే బండి నిలబెట్టే చోటే కట్టారు. ఆ చోటే అందరికీ కనిపిస్తుందట. ఆమె బండిని రోడ్డుకు అవతల, మురుగుకాలవ పక్కకు తోసుకుంది. పొయ్యి మీద కన్నూ, లేస్తున్న గోడల మీద కన్నూ వేసి ఉంచింది.

"నాలుగు గోడలు పడ్డయి సేటూ. తలుపు గూడ పెట్టిన్రు" అని మురిసిపోయింది.

తొంభై రెండో రోజున సమితిని ఆమె బండి దగ్గరికి తీసుకెళ్లాను. సీతారాములు గారు మొదటి బర్గర్ రాసుకుంటూ తిన్నారు. రెండోది కలం జేబులో పెట్టుకుని తిన్నారు. మూడోది కళ్లు మూసుకుని తిన్నారు.

"ఇదే" అన్నారు. "ఆరువేల కిలోమీటర్లు తిరిగితే గానీ, ఇది ఇక్కడుందని తెలియలేదు చూడండి."

"అయితే కొట్టు నాకేనా సార్?" అంది గంగే.

"తప్పకుండానమ్మా. ఒక్క ఫార్మాలిటీ. అయిదేళ్లుగా ఈ చౌరస్తాలోనే ఉన్నట్టు రుజువు కావాలి."

పక్కనే బర్గర్ తింటున్న జీపు డ్రైవరు సోమారు ముందుకొచ్చాడు. "నేను చెబుతా సార్. ఎనిమిదేళ్ల సంది తింటున్న. కావాలంటే స్టాండు మొత్తాన్ని పిలుస్త. అందరు సంతకం పెడతరు."

"అది చాలు" అనబోయారు సీతారాములు గారు. నిజంగా అనబోయారు. 'అది' దాకా వచ్చారు కూడా.

ఇక్కడ నా తెలివితేటలు అడ్డొచ్చాయి. ముప్పై ఏళ్లుగా సర్కారుకు సరుకు వేస్తున్నవాణ్ని. మనిషి మాట మారుతుంది, ముద్ర పడిన కాగితం మారదు అని నా సిద్ధాంతం.

"సాక్షులెందుకండీ? సర్కారు కాగితాలే ఉన్నాయి" అని గంగేను దాచుకున్న నోటీసులు తియ్యమన్నాను.

ఆమె బండి కింది నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది. అందులో పాలిథిన్ కవరు, కవరులో పదకొండు నోటీసులు. సుందరీకరణ విభాగం ఆమెను తొలగించిన ప్రతిసారీ ఇచ్చినవి. ఆరేళ్ల తేదీలు, గుండ్రటి ముద్రలు, ఆమె వేలిముద్రలు. ఇంతకంటే గట్టి రుజువు జిల్లాలో ఎవరి దగ్గరా ఉండదని గర్వంగా అందించాను.

సీతారాములు గారు ఒక్కొక్కటే చదివారు. చదువుతుంటే ఆయన ముఖంలో చింతచట్నీ కళ తగ్గిపోయింది.

"జయరావు గారూ, వీటి ప్రకారం ఈమెను పదకొండు సార్లు తొలగించారు."

"అవునండీ. అంటే పదకొండు సార్లు ఇక్కడ ఉన్నట్టే కదా?"

"తొలగించిన మనిషి ఎలా ఉంటుందండీ? ప్రతి నోటీసు కింద 'స్థలం ఖాళీ చేసితిని' అని వేలిముద్ర వేసింది. తిరిగి వచ్చినట్టు ఒక్క కాగితం ఉందా?"

"తిరిగొచ్చినోళ్లకు కాగితం ఎవరిస్తరు సార్?" అంది గంగే.

"అదే నేనూ అంటున్నాను" అన్నారాయన. బాధగానే అన్నారు.

"సోమారు సంతకం పెడతానంటున్నాడు కదండీ" అన్నాను.

"డాక్యుమెంట్ వచ్చాక ఓరల్ ఎవిడెన్స్ నిలవదు. మీరే తెచ్చారు కదా."

గంగే నా వైపు చూసింది. నోటీసులు మళ్లీ తేదీల వరసలో పేర్చి డబ్బాలో పెట్టుకుంది.

దుకాణం ఖాళీగా ఉంచితే మంత్రిగారి మాట పోతుంది. బర్గర్ రంగంలో రుజువుతో కూడిన అనుభవం ఉన్న స్థానికుడి కోసం శాఖ ఫైళ్లన్నీ వెతికారు. ఆరువేల కిలోమీటర్ల టూరు డైరీతో ఒక్కడే తేలాడు. నేను ఒకసారి వద్దన్నాను. రెండోసారి అందామని లేచేలోపు దండ వేశారు.

గంగే దగ్గరికి వెళ్లాను. "కొట్టు నా పేరు మీదుంటేనేం, పొయ్యి నీదే. వచ్చి చెయ్యి" అన్నాను.

"నీ కొట్ల నా పొయ్యేంది సేటూ? బీజాపూర్ల మా చెల్లె ఉన్నది. అంగట్ల పెట్టుకుంట" అంది. బండి అప్పటికే సోమారు జీపుకు కట్టి ఉంది.

వందో రోజున మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. గెస్ట్ హౌస్ వంటవాడు పంపించిన బర్గర్‌ను కెమెరాల ముందు కొరికారు. కొరికింది మింగకుండా పది నిమిషాలు ప్రసంగించారు. అంత నిగ్రహం నేను ఎవరిలోనూ చూడలేదు. ఆయన అటు వెళ్లగానే నేను షట్టరు దించాను. ఇప్పుడు దాని మీద 'బస్తర్ అంతర్జాతీయ బర్గర్ కేంద్రం' అని బోర్డుంటుంది. లోపల గంబూట్లుంటాయి. వానాకాలం బాగా పోతున్నాయి.

"మరయితే బర్గరో?" అని నూకాలమ్మ అడిగింది.

"ఆదివారం బీజాపూర్ వెళ్తున్నాను" అన్నాను.

"ఏటి, సరుకుకా?"

"సరుకుకే."

బీజాపూర్ అంగడిలో, ఎండుచేపల వరస దాటాక, వెదురుబుట్టల పక్కన గంగే బండి కనిపించింది. ముందు పదిహేను మంది నిలబడి ఉన్నారు. నా ముందున్నాయన ముఖానికి దినపత్రిక అడ్డం పెట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు.

"సీతారాములు గారూ!"

"ష్. ఫీల్డ్ విజిట్" అన్నారాయన. బర్గర్ పథకం విజయవంతమైనందుకు ప్రమోషనిచ్చి బీజాపూర్ వేశారట. ప్రతి ఆదివారమూ విజిట్‌కు వస్తున్నారట.

మా వంతు వచ్చేసరికి గంగే నన్ను చూసింది. "ఏంది సేటూ, మీ కొట్ల దొరుకుతలేదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, ఆకలి మీదున్నాను గనక. ఆమె ఒక టిక్కీ పెనం మీద కాల్చింది. దాన్ని బన్నులో పెట్టి నా చేతికిచ్చి, రెండోది పెనం మీద వేసింది. అదే ఉలవ, అదే పులుపు. మొదటి కొరుక్కే గంబూట్ల సంగతి మరిచిపోయాను.

సీతారాములు గారు ఆకు నాకి, చేతులు కడుక్కున్నారు. నెత్తి మీది ఎండ చూశారు, గంగే చెమట చూశారు.

"ఇంత మంచి మనిషి ఇలా ఎండలోనా! ఇక్కడ ఒక పక్కా దుకాణం పడాల్సిందే జయరావు గారూ" అని జీపులోంచి టేపు తెచ్చారు. "ఆ కొస పట్టుకోండి."

పట్టుకున్నాను.

గంగే టేపు చూసింది. చెంబెత్తి పొయ్యిలో నీళ్లు పోసి, బండి చక్రాల కింది రాళ్లు తీసింది. అప్పటికి నా రెండో బర్గర్ ఒక పక్కే కాలింది.