తలుపు పక్క బెంచీ

అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. అడిగితే తప్పక పెడుతుందని లోకం దాని నుంచి తీసుకున్న అర్థం. మొదటి వాక్యం నుంచి రెండవది రాదని తర్కం తెలిసినవారు అంటారు గాని, దేశంలో అర్జీలన్నీ ఆ నమ్మకం మీదనే నడుస్తున్నాయి. 2004 చివరలో మంత్రిగారు అనంతపురం వచ్చి ఆ నమ్మకానికి ప్రభుత్వ ముద్ర కూడా వేశారు.

"అందరి మెదళ్ళూ ఒకే రకంగా పనిచేయవు" అని ఆయన ప్రకటించినప్పుడు, వేదిక మీది అధికారులు ఒకరినొకరు చూసుకుని అంగీకారంగా తల ఊపారు. "మనసు గాయపడిన విద్యార్థి అయినా, మనకంటే వేరుగా ఆలోచించే విద్యార్థి అయినా, ఏమి కావాలో నోరు తెరిచి అడిగితే చాలు. ఇదే ఇన్‌క్లూజివ్ టీచింగ్! మార్చి నెలాఖరు తరువాత జిల్లా కాలేజీల్లో భయమన్నది కనిపించకూడదు!"

కదిరి దిక్కున ఒక డిగ్రీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయిన లక్ష్మీపతి ప్రభుత్వం చెప్పినదాన్ని అక్షరాలా అమలు చేసే మనిషి. మరునాడే నోటీసు అంటించారు. 'భయపడు విద్యార్థులు మధ్యాహ్నములోగా ఆఫీసునందు హాజరు కావలెను. తప్పినవారిపై కఠిన చర్య తీసుకొనబడును.'

ఎవరూ రాలేదు. కాలేజీలో భయం లేదని ఆయన పైకి రాసి పంపబోతుండగా, ఎకనమిక్స్ లెక్చరర్ ఉమాదేవి ఫైనలియర్ విద్యార్థిని భారతిని వెంటబెట్టుకుని వచ్చింది.

భారతిది నల్లమాడ దగ్గర పల్లె. రెండు వర్గాల తగాదాలో ఒక రాత్రి వాళ్ళ ఇంటికి బయట గడియ పెట్టి, పైనుంచి నాటుబాంబు వేశారు. నాయన బయటికి రాలేక లోపలే చనిపోయాడు. అప్పటి నుంచి తలుపు మూస్తే ఆమెకు చదివినదంతా చెరిగిపోతుంది. నిరుడు ఎకనమిక్స్ పరీక్షలో తలుపు వేయగానే లేచి వెళ్ళిపోయింది. ఈసారి ఆ పేపరు పాసైతే బి.ఎడ్. చదువుతుంది. తప్పితే బెంగళూరు గార్మెంట్స్ ఫ్యాక్టరీకే అని తల్లి ఆంజినమ్మ చెప్పేసింది.

"ఏం కావాలమ్మా? మొహమాటం లేకుండా అడుగు" అన్నారు లక్ష్మీపతి.

"తలుపు పక్కన బెంచీ సార్. తలుపు తెరిచి పెడితే చాలు, రాసుకుంటా."

"ఇంకా?"

"అంతే సార్."

ప్రిన్సిపాల్ చిన్నబుచ్చుకున్నారు. "అంతే అంటే ఎట్లమ్మా? బెంచీకి శంకుస్థాపన చేస్తారా ఎవరన్నా? రిబ్బను యాడ కట్టాల?"

"తలుపుకు కట్టొచ్చు సార్" అంది ఉమాదేవి.

ఆయన దానిని పరిశీలనకు స్వీకరించలేదు.

విషయం విన్న కాలేజీ అభివృద్ధి కమిటీ అధ్యక్షుడు విష్ణువర్ధన్ కదిలిపోయారు. బాంబుల వల్ల జనానికి కలిగే భయాన్ని గురించి ఆయనకున్న అనుభవం ఆ ప్రాంతంలో మరొకరికి లేదు. "పాపకు బెంచీ ఏంటికప్పా, రూమే కట్టిస్తా!" అన్నారు. ఆయన మనిషి బయ్యన్నే కాంట్రాక్టరు గనుక 'భయవిముక్తి కేంద్రం' నెలలోపే లేచింది.

"గోడ చూడండి సార్, బాంబేసినా చెక్కు చెదరదు" అని బయ్యన్న చరిచి చూపించాడు. "కిటికీలు పెట్టనేలేదు. బయటి గలాటా లోపలికి రాదు, లోపల అరిచినా బయటికి ఇనపడదు. తలుపు ఇనుముది. మా అన్న ఇంటికి ఏసినామే, అట్లాంటిదే."

"ఆ పాప తలుపు తెరిచి పెట్టమన్నది కదప్పా?"

"ఇంత మంచి తలుపు తెరిచి పెడితే దానికి మర్యాద యాడుండాది సార్?"

ప్రిన్సిపాల్‌కు ఆ మాట సబబుగా తోచింది.

ప్రారంభోత్సవానికి టపాకాయలు వద్దని ఉమాదేవి బతిమాలింది. లక్ష్మీపతి కూడా మానవతా దృష్టితో విష్ణువర్ధన్ అనుచరుడు మద్దిలేటిని పిలిపించారు.

"అన్న వస్తాంటే టపాకాయలు లేకుండానా? సావుకు పోయినా కాలుస్తాం సార్ మేము!"

"అది కాదప్పా, ఈ కేంద్రమే శబ్దానికి బెదిరేవాళ్ళ కోసం."

"అయితే బెదరొద్దని వాళ్ళకు ముందే చెప్పండి సార్."

విద్యార్థులు బెదరరాదని ప్రిన్సిపాల్ మైకులో ప్రకటించారు. సుమోలు వచ్చాయి. గేటు నుంచి వేదిక దాకా పరిచిన టపాకాయల సరం పేలింది. పొగ విడిచాక చూస్తే, పూలగుచ్ఛం ఇవ్వవలసిన అమ్మాయి వేదిక మీద లేదు.

"ఏమప్పా, పాప యాడికి పాయ?" అన్నారు విష్ణువర్ధన్.

"టేబుల్ కింద ఉంది సార్. ఆమే లబ్ధిదారు" అన్నారు ప్రిన్సిపాల్.

ఆయన మైకు పట్టుకునే వంగి చూశారు. "భయమేంటికి తల్లీ? మేముండాం కదా!"

"మీరుండారనే సార్" అంది భారతి.

మైకు ఆ మాటను అందరికీ వినిపించింది. ముందుగా తేరుకుని చప్పట్లు కొట్టిన ఘనత లక్ష్మీపతిది, సభ అందుకుంది. ఆనందంతో విద్యార్థిని మాట పూర్తి చేయలేకపోయిందని మరునాడు పత్రిక రాసింది.

ఏప్రిల్‌లో ఎకనమిక్స్ పరీక్ష నాడు ఉమాదేవి తానే ఒక బెంచీ ఈడ్చి హాలు తలుపు పక్కన వేసింది. ప్రిన్సిపాల్ దానిని వెనక్కి వేయించారు.

"కేంద్రం ఉండగా హాల్లో కూర్చోబెడితే ఆడిట్ వాళ్ళు ఏమంటారు మేడం?"

"ఆమె రాయాలి కదా సార్!"

"రాస్తుంది. ఆమె కోసమే కదా కట్టింది!"

సబ్జెక్టు చెప్పేవారు పరీక్ష చోట ఉండరాదన్న నిబంధన మేరకు ఉమాదేవిని ఇంటికి పంపారు. కిటికీ లేని గదికి చీటీలు అందించేవాడు రాలేడు గనుక ఇన్విజిలేటరు అవసరం పడలేదు.

గడప దగ్గర భారతి ఆగింది. "సార్, తలుపు మాత్రం ఎయ్యొద్దు సార్."

"నువ్వు అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చినాం కదమ్మా. పో, ధైర్యంగా రాయి."

పరీక్ష గోప్యత కోసం తలుపు వేశారు. ఎవరూ ఆమెను ఇబ్బంది పెట్టకుండా అటెండరు నరసింహప్ప బయట గడియ కూడా పెట్టాడు. నడుమ ఒకసారి ప్రిన్సిపాల్ వచ్చి ఇనుప తలుపుకు చెవి ఆనించి విన్నారు. ఏ శబ్దమూ లేదు. బయ్యన్న పనితనాన్ని మెచ్చుకుని వెళ్ళారు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. భయవిముక్తి కేంద్రం జిల్లాకు ఆదర్శంగా ఎంపికైంది. ఎకనమిక్స్‌లో భారతికి సున్నా వచ్చింది.

ఆ నెలలోనే ఆమె కదిరిలో బెంగళూరు బస్సెక్కింది. తలుపు పక్క సీటు అడిగింది. కండక్టరు కూర్చోమన్నాడు.