బయట బీగం, లోపల గిరిప్రసాద్

తిరుపతిలో ఇల్లుండడం పుణ్యమని చెప్పేవాళ్లెవరూ తిరుపతిలో ఉండరు. ఉన్నవాళ్లకు సెలవంటే తాము తీసుకునేది కాదు, బంధువులొచ్చి తీసుకుపోయేది.

గిరిప్రసాద్‌ది శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం. చీకటితో కంపెనీ బస్సెక్కి, చీకటి పడ్డాక దిగే బతుకు. ఈ క్రిస్మస్ సెలవు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాడు. పండగ తమది కాదు కాబట్టి పిండివంటలు లేవు, కొత్త బట్టలు లేవు, ఉత్సాహం తెచ్చుకోవాల్సిన అవసరమూ లేదు. ఇంత మంచి పండగను పడుకుని గడపాలి.

అడ్డం ఒక్కటే, నాయుడుపేటలో ఉన్న అక్క. చుట్టాల్లో ఆమె పేరు దర్శనాల నాగవేణి.

"రేయ్ గిరీ, సెలవుకు కొండకొస్తాండాము" అని ఆమె ఫోను చేసింది.

"అయ్యో అక్కా, ఆ పొద్దు మేము పూతలపట్టులో ఉంటాము, పల్లవి వాళ్లమ్మ కాడ" అన్నాడు గిరిప్రసాద్.

"సరేలేరా" అని ఆమె పెట్టేసింది.

పక్కనే కూరగాయలు తరుగుతున్న భార్య పల్లవి కత్తిపీట ఆపింది.

"నన్నెందుకు దాంట్లోకి లాగినారు? బయటపడితే పెండ్లామే నేర్పించిందంటారు. వదిన నా ముఖం సూడదు ఇంక."

"బయటపడదులే."

"అబద్ధం మీది. నేనొక్క ముక్క కూడా అబద్ధమాడను, చెప్తాండా."

"నువ్వసలు మాట్లాడకుంటే చాలు" అన్నాడు.

క్రిస్మస్ పొద్దున ముందు తలుపుకు బయట బీగం వేసి, పెరటి దారిన లోపలికొచ్చి గడియ పెట్టుకున్నాడు. ఇంట్లో కర్ఫ్యూ మొదలైంది. టీవీ మూగబోయింది. కుక్కర్ విజిల్ అలమరలోకి పోయింది. మిక్సీ పేరెత్తకూడదు.

"మరి పచ్చడి?" గుసగుసగా అడిగింది పల్లవి.

"రోట్లో నూరు. మెల్లగా."

"పుల్లగా నూరడం తెలుసు. మెల్లగా నూరడం మా అమ్మ నేర్పలేదు."

పక్కింటి జ్ఞానాంబ వాళ్లింటి నుంచి కేకు వాసన వస్తోంది. గిరిప్రసాద్ మంచం మీద వాలి, ప్రశాంతత అంటే ఇదే అనుకోబోయాడు. వీధిలో వ్యాను ఆగింది.

"ఏమే, బీగం ఏసుండాది." అది బావ దామోదరం గొంతు.

"వాళ్లు లేరులే, మనకింకా సుఖం. ఇంకో చెవి జ్ఞానాంబక్క కాడ ఉంటాది గదా." అది అక్క గొంతు.

గిరిప్రసాద్ మంచం మీదే నిలబడ్డాడు. చెప్పకుండా దిగే కొండ చుట్టాల కోసమని తిరుపతిలో ప్రతి ఇంటి రెండో తాళంచెవీ పక్కింట్లోనే ఉంటుంది. ఆ చెవిని జ్ఞానాంబ చేతిలో పెట్టింది తనే.

"నీకు గుర్తుండిందా ఇది?"

"ఉండింది."

"చెప్పలేదే?"

"మాట్లాడొద్దన్నారు గదా" అంటూ పల్లవి పెరటి గడియ తీసింది. "నేను ఇట్ల పోయి ముందునుంచి వస్తా."

"నేనూ వస్తా."

"బనియనుతోనా? అయినా మీరు పూతలపట్టులో గదా ఉండారు."

ముందు తలుపు బీగంలో చెవి తిరిగింది. గిరిప్రసాద్ స్టూలెక్కి, అటక మీదికి పాకి, పాత పరుపు వెనక నక్కాడు. దుమ్ముకు తుమ్మొస్తే ముక్కు పట్టుకుని మింగేశాడు.

"పల్లవీ, నువ్వుండావే" అంది నాగవేణి కింద.

"ఇప్పుడే పెరటి పక్కనుంచి వస్తాండా వదినా."

"మావాడు యాడ?"

"పూతలపట్టులో ఉంటామని మీకు చెప్పినాడు గదా."

ఒక్క అబద్ధం లేకుండా ఎంత బాగా నెట్టుకొస్తోందో అని అటక మీద గిరిప్రసాద్ భార్యను మెచ్చుకున్నాడు.

"ఫోను చెయ్యండి వదినా. మా అమ్మతో కూడా ఒక మాట మాట్లాడితే సంతోషపడతాది" అంది పల్లవి.

గిరిప్రసాద్ మెచ్చుకోవడం ఆపేశాడు.

చేతిలో ఫోను వణికింది. తీయకపోతే వణుకుతూనే ఉంటుంది. తీశాడు.

"అక్కా" అన్నాడు ఊపిరితో.

"ఏరా, గొంతు పోయిందా? మీ అత్త సిద్ధమ్మకు ఇయ్యి ఫోను."

ఎంత ఆలోచించినా అటక మీద సిద్ధమ్మ దొరకలేదు. గిరిప్రసాద్ కళ్లు మూసుకుని గొంతు సన్నం చేశాడు.

"బాగుండావా నాగవేణమ్మా?"

ఆ మాట ఫోనులో వినబడింది. అటక మీదనుంచీ వినబడింది. రెండూ ఒకటే గొంతు.

పల్లవి స్టూలు జరిపి అటక కింద సరిగ్గా వేసిన చప్పుడైంది.

"నేను బాగుండానత్తా" అంది నాగవేణి, ఫోను పక్కన పెట్టి తల పైకెత్తి. "నువ్వు నిదానంగా దిగు. లుంగీ కాళ్లకడ్డం పడతాది."