ఎవరూ ఉండని ఇంట్లో కుట్టుమిషను

కారే కప్పును మించిన అదృష్టం లేదు. నమ్మరా? అయితే మా వీధి చివర టైలరక్క సంగతి వినండి.

అక్కది రెండు గదుల సొంత పెంకుటిల్లు. భర్త పోయాక మిగిలింది ఆ ఇల్లూ, ఓ కుట్టుమిషనూ. వానొస్తే ముందుగదిలో ఐదు చోట్ల కారేది. ఫ్రీగా షవర్! మిషను మీద ప్లాస్టిక్ పట్టా కట్టి, దాని కింద తలదూర్చి స్కూలు యూనిఫారాలు కుట్టేది. దూలం వంగి నమస్కారం పెడుతుంటే గడ ఊతమిచ్చింది. అంత వినయం ఏ అపార్ట్‌మెంట్ స్లాబుకుంది?

పేదల ఇళ్ల రిపేర్లకు ప్రభుత్వ సాయముందని తెలిసి అప్లికేషన్ పెట్టింది. అడిగింది ఓ దూలం, నాలుగు వరసల పెంకులు. ఎనిమిది నెలలు ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. నడక ఒంటికి మంచిదే కదా!

చివరికి ఇంజనీరుగారు వచ్చారు. గుమ్మంలోనే ఆగి, పైకి చూసి, లోపలికి రానన్నారు. ఇల్లు నివాసయోగ్యం కాదని రాసుకుపోయారు. పాడైందని వాళ్లే ఒప్పుకున్నారు, ఇక పనైనట్టేనని అక్క మురిసిపోయింది.

నెలకి ఉత్తరం వచ్చింది. సాయం సొంత ఇంట్లో ఉంటున్నవాళ్లకే. నివాసయోగ్యం కాని ఇంట్లో ఎవరూ ఉండరు. కనుక మీరక్కడ ఉండడం లేదు. కనుక సాయం లేదు. ఒక్క పెంకు కదపకుండా సమస్యను మాయం చేయడమంటే మాటలా?

అక్క ఆ కాగితంతో ఇంజనీరుగారి ముందు నిలబడింది.

"ఉండకూడని ఇల్లని మీకు గుమ్మంలోనే తెలిసింది సార్. నాకు ఆరేళ్లుగా తెలుసు. మీరు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. నేనెటు వెళ్లాలో కూడా ఇందులో రాయండి."

దానికి కాలమ్ లేదమ్మా అన్నారాయన, తలెత్తకుండా. అప్పీలు పెట్టుకొమ్మన్నారు.

అప్పీలు కోసం అక్క క్యూలో నిలబడ్డ రోజునే దూలం విరిగింది. కప్పంతా మిషను మీద కూలింది. ఇంట్లో ఉంటే అక్కా దాని కిందే ఉండేది. ఆఫీసువాళ్లు తిప్పించుకుని ప్రాణం కాపాడారు. ఇంకేం సాయం కావాలి?

ఇప్పుడు అక్క పక్కింటి పిన్ని వరండాలో చేత్తో గుండీలు కుడుతోంది. కూలిన ఇళ్లకు వేరే పథకముందట. అందులో అక్క పేరు మొదటిదట. దూలానికి లేని డబ్బు ఇల్లంతటికీ ఉందట.

కాబట్టి పాఠకులారా, కప్పు కాస్త కారిందని ఆఫీసుకు పరుగెత్తకండి. ఓపిక పట్టండి. పూర్తిగా కూలనివ్వండి. కూలేటప్పుడు దాని కింద లేకుండా చూసుకోవడమొక్కటే మీ పని.