సిద్ధరాములు తాళం వేసిన నెమలి

దసరా పొద్దున సిద్ధరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, రొట్టె, కొత్త ధోవతి. ఆ తర్వాత సికింద్రాబాద్ నుంచి దిగే వ్యాపారి రాజారాం సేఠ్‌ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద నెమలి చద్దర్ డిజైన్ చూపించడం. నచ్చిందా, చలికాలమంతా పని. నచ్చలేదా, భవాని పేట్‌లోని సిద్ధరాములు పవర్‌లూమ్ షెడ్డులో దీపావళి దాటాక మగ్గాలు ఆగిపోతాయి. ఆ సంగతి మగ్గాల మీద పనిచేసేవాళ్లకు అతడింకా చెప్పలేదు. భార్య చంద్రభాగకు చెప్పకుండానే తెలుసు.

అతని కష్టమంతా ఎదురింటి అంబాదాస్‌తోనే. చంద్రభాగకు అతను వరసకు అన్న. సిద్ధరాములు ఏ కొత్త డిజైన్ తీసినా, దాని కవలపిల్ల గల్లీకి అవతలి పక్క అంబాదాస్ షెడ్డులో పుట్టేది. తామరపువ్వు అలాగే పోయింది. ఏనుగుల వరస అలాగే పోయింది. డిజైనంతా చిల్లులు పొడిచిన అట్టల్లో ఉంటుంది కాబట్టి, అట్టలు ఎవరి చేతిలో పడితే డిజైన్ వాళ్లదే. దొంగ ఎవరో అందరికీ తెలుసు గాని, ఎలా దొంగిలిస్తున్నాడో సిద్ధరాములుకు అంతుపట్టలేదు.

పుణేలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చిన మేనల్లుడు పాండురంగ్ దీనికి మందు చెప్పాడు.

"అట్టలు చింపి పారెయ్యి మామా. నెమలిని కంప్యూటర్‌ల పెడుదాం. పాస్‌వర్డ్ కొడితేనే తెరుచుకుంటది. మూడుసార్లు తప్పు కొట్టిండనుకో, కప్పు మీద సైరన్ మోగుతది, కంప్యూటర్ గది ఇనుప జాలి తలుపు దానంతటదే మూసుకుంటది."

"మరి దొంగ?"

"లోపల్నే ఉంటడు. మనం తీరిగ్గ చాయ్ తాగొచ్చి పట్టుకోవచ్చు."

ఈ చివరి మాట సిద్ధరాములుకు బాగా నచ్చింది. అట్టలు చింపించాడు. నేసిన ఒకే ఒక్క నమూనా చద్దర్‌ను బ్యాంకు లాకర్లో, చంద్రభాగ నగల పక్కన పెట్టించాడు. జాలికి మందమైన ఇనుప చువ్వలు వేయించాడు. పాండురంగ్ పాత ఇనుము బజారులో పెద్ద సైరన్ ఒకటి చవకగా పట్టుకొచ్చి కప్పు మీద బిగించి, పండుగకు తుళజాపూర్ అమ్మవారి దర్శనానికి వెళ్లిపోయాడు.

ముందురోజు ఖండేనవమి. ఆ రోజు నేతవాళ్ల ఇళ్లలో పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు. చంద్రభాగ మగ్గాలకు, కండెలు చుట్టే యంత్రానికి, కత్తెరకు పసుపు కుంకుమలు పెట్టింది. తర్వాత కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. ఇంటికి కొత్తగా వచ్చినదానికి మర్యాద ఎక్కువ చేయాలని, కీబోర్డు మీద ఒక్కో మీటకు ఒక్కో బొట్టు, తడి పసుపుతో, తీరిగ్గా పెట్టింది. రాత్రికి పసుపు ఎండి గట్టిపడింది.

పొద్దున సిద్ధరాములు కుర్చీలో కూర్చుని ఒక వేలితో పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీద అక్షరాలు కనబడవు, చుక్కలే పడతాయి. నొక్కిన మీట కిందికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. చుక్కలు పెళ్లి ఊరేగింపులా సాగిపోతున్నాయి. తప్పన్నది యంత్రం. రెండోసారి గట్టిగా కొట్టాడు. మళ్లీ తప్పే. అప్పుడతనికి పసుపు కనబడింది. ధోవతి చెంగుతో కీబోర్డును ఆ చివర నుంచి ఈ చివరకు బాగా తుడిచాడు. ఆ తుడుపుకు మీటలన్నీ కలిసి నొక్కుకుపోయాయి. దాన్ని యంత్రం మూడోసారిగా లెక్కేసుకుంది.

వెనకాల జాలి తలుపు ఠక్కున మూసుకుంది. కప్పు మీద సైరన్ అందుకుంది.

పేటలో దాన్ని సైరన్ అని ఎవరూ అనుకోలేదు. అది పాత బట్టల మిల్లు కూత; వాళ్లు దాన్ని భోంగా అంటారు. తాతల కాలం నుంచి ఆ భోంగాకే నిద్ర లేచారు, ఆ భోంగాకే పొయ్యి మీద ఎసరు పెట్టారు. మిల్లు మూతపడి కొన్నేళ్లయింది. భోంగా మూగబోయాక కూడా పొద్దున్నే చెవులు నిక్కబొడుచుకునే ముసలివాళ్లు ప్రతి ఇంటా ఉన్నారు. వాళ్లలో నరసయ్య ఒకడు. అప్పుడతను మంగలి ముందు కూర్చుని సగం గడ్డం గీయించుకున్నాడు.

"మిల్లు తెరిచిన్రు," అన్నాడు నరసయ్య లేచి. "పండుగ పూట మంచి ముహూర్తం జూసి తెరిచిన్రు."

"తాతా, ఇంకో చెంప..."

"చెంప ఉంటది. షిఫ్టు ఉండదు."

కాసేపట్లో పేటంతా బయటికి వచ్చింది. ఆడవాళ్లు డబ్బాల్లో రొట్టెలు సర్దారు. దసరా కోసం వచ్చిన డప్పులవాళ్లు ముందు నడిచారు. ఊరేగింపు కొంతం చౌక్ చేరేసరికి, స్టేషన్ నుంచి వస్తున్న రిక్షా ఒకటి ఎదురైంది. అందులో సఫారీ సూటు, నల్ల సూట్‌కేసు, బంగారు కళ్లద్దాలు. మిల్లు కొన్న కొత్త మాలిక్ ఇతనే అయి ఉండాలని ఎవరో అన్నారు. అన్నది ఎవరో తెలియకముందే రాజారాం సేఠ్ మెడలో బంతిపూల దండ పడింది.

"నేను చద్దర్లు కొననీకి వచ్చిన," అన్నాడు సేఠ్ జనం భుజాల మీద నుంచి.

"కొను సేఠ్, అన్నీ కొను," అని జనం అతణ్ణి ఇంకాస్త పైకెత్తారు.

భోంగా మోగిన దిక్కుకే నడిచి నడిచి, అందరూ సిద్ధరాములు వాకిట్లో తేలారు. అప్పటికి సైరన్ మోటారు వేడెక్కి ఆగిపోయింది. నరసయ్య సగం గడ్డంతో కప్పు వైపు చూసి, తర్వాత జాలి వెనక నిలబడ్డ సిద్ధరాములు వైపు చూశాడు.

"మా భోంగా నీ ఇంటి మీదికి ఎందుకెక్కిందిరా?"

"దొంగల కోసం పెట్టిన, కాకా."

"దొరికిండా?"

"నేను దొరికిన."

సేఠ్‌ను మంచం మీద దించారు. దండ తీసి పక్కన పెట్టి, అతను గడియారం చూసుకున్నాడు. "నాకు మధ్యాహ్నం బండి ఉన్నది. డిజైన్ చూపియ్యి, పోత."

"కంప్యూటర్‌ల ఉన్నది సేఠ్. అది తెరుచుకుంటలేదు."

"నేసిన నమూనా?"

"బ్యాంకు లాకర్‌ల. ఇయ్యాల బ్యాంకు బంద్."

"అట్టలు?"

సిద్ధరాములు చువ్వలు పట్టుకుని తల వంచుకున్నాడు. "చింపిన."

"ఇంతకు పాస్‌వర్డ్ ఏందిరా?" అన్నాడు నరసయ్య. "చెప్పు, అందరం ఒక చెయ్యేస్తం."

దాచి ప్రయోజనం లేదని సిద్ధరాములు చెప్పేశాడు. "మార్కండేయ."

వాకిట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. "ఇంకేముంటది, మన పద్మశాలోళ్ల మూలపురుషుడాయె," అన్నదొక ముసలమ్మ. "మావోని సైకిల్ తాళానికి సుత అదే పేరు."

సేఠ్ సూట్‌కేసు అందుకుని లేచాడు. "ఈడ చద్దర్లు నేసేటోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?"

సిద్ధరాములుకు షెడ్డులోని మగ్గాలన్నీ ఒక్కసారి ఆగినట్టయింది. అప్పుడు జనంలోంచి అంబాదాస్ ముందుకు వచ్చాడు. ముందు జాలిని ఒకసారి లాగి చూసి, గట్టిగానే ఉందని తేల్చుకున్నాడు.

"బావా, నాతాన ఒకటున్నది. తెస్త. నువ్వు కోపం చెయ్యొద్దు."

ఇంటికి వెళ్లి చద్దర్ తెచ్చి మంచం మీద పరిచాడు. ఎర్ర అంచు మధ్య నీలం నెమలి పురి విప్పుకుని నిలబడింది.

"అది నాది," అన్నాడు సిద్ధరాములు.

"నీదే. కాదంటినా?"

"ఎట్లొచ్చింది నీకు? అన్ని తాళాలేస్తి."

"ఎట్లేంది బావా. పోయిన ఆయితారం దినమంత మీ మిద్దె మీద ఎండె. నేను మా మిద్దె మీద కూసొని పోగులు లెక్కవెట్టుకున్న. మా చెల్లె చాయ్ సుత పంపింది."

సిద్ధరాములు మెల్లగా భార్య వైపు తిరిగాడు. "ఎండకేసినవా?"

"రంగు దిగుతదేమో, ఉతికి ఆరెయ్యమన్నది నువ్వే," అన్నది చంద్రభాగ. "ప్రతి కొత్త చద్దర్‌కు చెప్తవు. తామరపువ్వుకు చెప్పినవు, ఏనుగులకు చెప్పినవు. అన్న ఎండల కూసుంటడు గదా అని చాయ్ పంపిన."

సేఠ్ వంగి నెమలిని పరీక్షగా చూశాడు. "కాళ్లు బాగ కుదిరినయ్."

"బావ నెమలికి రెండు కాళ్లు ఒక్కదిక్కే ఉండె సేఠ్," అన్నాడు అంబాదాస్ వినయంగా. "పాపం, నిలబడదేమో అని సరిజేసిన."

బేరం చువ్వల సందుల్లోంచే సాగింది. సిద్ధరాములు ధర చెప్పడం, అంబాదాస్ దాన్ని కొంచెం తగ్గించడం, సేఠ్ ఇంకొంచెం తగ్గించడం. చివరికి తేలిందేమంటే, చలి ముదిరేలోపు సేఠ్‌కు కావలసినన్ని చద్దర్లు ఒక్క షెడ్డు నేయలేదు. సగం ఇక్కడ, సగం అక్కడ. రెండు చోట్లా మనుషులు చాలరు.

"డబ్బా తెచ్చుకునే ఉన్న," అన్నాడు నరసయ్య. "ఏ మగ్గం?"

అంబాదాస్ జేబులోంచి జమ్మాకు తీసి, చువ్వల మధ్య నుంచి సిద్ధరాములు చేతిలో పెట్టాడు. దసరా నాడు ఆ ఆకు బంగారం. పెట్టినవాడితో ఆ పూట తగువాడకూడదు. సిద్ధరాములు ఆకును చూశాడు, అంబాదాస్‌ను చూశాడు. చేయి బయటికి చాపి అతని భుజం తట్టాడు. చాపితే అంతవరకే అందింది.

సేఠ్ బయానా ఇచ్చి రిక్షా ఎక్కాక, చంద్రభాగ నెమ్మదిగా వసారాలోకి వెళ్లి కరెంటు మెయిను కిందికి లాగింది. జాలి తలుపు తనంతట తానే తెరుచుకుంది.

సిద్ధరాములు బయటికి వచ్చి ఆమెనూ, తలుపునూ మార్చి మార్చి చూశాడు. "కరెంటు తీస్తే తెరుచుకుంటదని నీకెప్పటి సంది తెలుసు?"

"పాండురంగ్ బిగించిననాడే చెప్పిండు. కరెంటు ఉన్నంతసేపే పట్టు అని."

"మరి పొద్దటి సంది ఎందుకు తియ్యకపోతివి?"

"గుడికాడి నుంచి జనంతోనే వచ్చిన. రాంగనే తీద్దామని పోతుంటే అన్న నెమలిని తేవట్టిండు. నువ్వు బయట ఉంటే ఆయన గల్లా పట్టుకుందువు. సేఠ్ బండెక్కుతుండె." ఆమె బయానా నోట్లు కొంగున ముడేసుకుంది. "లోపలున్నవు గనక బుద్ధిగ మాట్లాడినవు. రా, రొట్టె సల్లగైంది."

వాకిట్లో డబ్బాలు తెరుచుకున్నాయి. మిల్లు కోసం వచ్చినవాళ్లంతా వచ్చినందుకు అక్కడే కూర్చుని తిన్నారు. డప్పులవాళ్లకు చంద్రభాగ రెండోసారి పప్పు వడ్డించింది. నరసయ్య రెండో చెంప గీయించుకుని వస్తానని వెళ్లి, దారిలో కనబడ్డ వాళ్లందరికీ తనకు కొలువు దొరికిందని చెప్పి, చెంప సంగతి మరిచి తిరిగొచ్చాడు.

మరునాడు తుళజాపూర్ నుంచి దిగిన పాండురంగ్‌ను అంబాదాస్ దారిలోనే ఆపి, గల్లీలో ఎవరినీ నమ్మేటట్టు లేదనీ, తన నెమలికి కూడా అలాంటి తాళమే ఒకటి బిగించాలనీ చెప్పాడు.